లెక్క లేని వేసవి

కడప వైపు డబ్బును లెక్క అంటారు. "లెక్క ఉందా?" అంటే జేబులో డబ్బుందా అని. "లెక్క లేదు" అంటే ఇంక ఆ మాట అక్కడితో సరి. కర్నూలు పడమటి ఊళ్లలో అదే దుడ్లు. ఉద్యోగం చేసినన్నాళ్లూ రెండు మాటలూ విన్నాను, రెండూ అన్నాను. ఎండాకాలం వచ్చిందంటే శాఖా గ్రంథాలయంలో పనిచేసే ఎవరి నోటైనా ఇదే పాట: పిల్లలకు ఏదో ఒకటి చేయాలనే ఉంది గానీ లెక్క లేదు.

ఆ మాటకు రెండో అర్థం కూడా ఉంది కదా. ఎవరు ఎన్ని గంటలకు వస్తున్నారు, ఏ పుస్తకం అట్ట ఊడింది, వరండాలో నీడ ఎంతసేపు నిలుస్తుంది, ఇదీ లెక్కే. మొదటి లెక్క మన చేతిలో ఉండదు. రెండోది మనం రాసుకుంటే ఉంటుంది. అది రాసుకున్న ఏడాది నాకు డబ్బు కరువు సగానికి సగం తగ్గినట్టనిపించింది. మిగతా సగం తగ్గలేదు, ఆ సంగతీ వస్తుంది.

ముందు నా తప్పు చెబుతాను. నేను పెట్టిన మొదటి వేసవి శిబిరం తొమ్మిది రోజులకే మూతపడింది. చేతిలో ఉన్నది మూడు వేలు. ఫ్లెక్సీ, షామియానా, అతిథులకు శాలువాలు, దండలు, మైకు అద్దె, పిల్లలకు బిస్కెట్లు. ప్రారంభోత్సవం నాడే రెండు వేలకు పైగా అయిపోయింది. పుస్తకం గొప్పదనం గురించి పెద్దలు గంటన్నర మాట్లాడారు. ఆ గంటన్నరలో ఒక్క పిల్ల చేతికీ పుస్తకం ఇవ్వలేదు, బీరువా తాళం నా జేబులోనే ఉంది. మిగిలిన డబ్బుతో డ్రాయింగు పోటీ, క్విజ్ పోటీ, బహుమతులు. పోటీలో గెలవని పిల్లలు మర్నాటి నుంచి రాలేదు, గెలిచినవాళ్లు బహుమతి తీసుకున్నాక రాలేదు. పదో రోజు పొద్దున నేను, స్వీపరమ్మ, ఒక ఖాళీ షామియానా గుంజ మిగిలాం.

మరుసటేడు ఏప్రిల్లో డబ్బు ఇంకా తక్కువ. అందుకని ఏ కార్యక్రమమూ పెట్టలేదు. కిరాణాకొట్టువాళ్లు ఇచ్చిన పెద్ద గళ్ల క్యాలెండరు ఒకటి వరండా గోడకు తగిలించి, పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, అరగంటకోసారి తలలు లెక్కపెట్టాను. వారం రోజులు అంతే పని.

మన శాఖా గ్రంథాలయాల వేళలు మీకు తెలిసినవే: పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. ఎనిమిదికి వచ్చేది పేపరు కోసం పెద్దలు, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు. వాళ్లకు ఫ్యాను కింద కుర్చీ ఉంటే చాలు, మనతో పనిలేదు. పిల్లలు తొమ్మిదిన్నరకు మొదలయ్యేవారు, ఇంట్లో సద్ది తిని, నీళ్ల బిందెలు మోసిపెట్టి. పదిన్నర దాటితే ఒక్కొక్కరే లేచేవారు, ఎందుకంటే ఆ తర్వాత ఉత్తకాళ్లతో ఇంటికి పోలేరు. సాయంత్రం 4 గంటలకు నేను తలుపు తీసి కూర్చుంటే కాకి కూడా రాదు. మే నెలలో మన వైపు పగలు 43, 44 డిగ్రీలు. నాలుక్కు నేల ఇంకా కాలుతూనే ఉంటుంది. ఐదున్నరకు మళ్లీ నలుగురైదుగురు.

అంటే నాకున్నది తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా, ఒక్క గంట. అది తెలియక పోయినేడు పదకొండుకు క్విజ్ పెట్టాను!

మెట్ట సేద్యం చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వాన పడ్డాక నేలలో పదును రెండు మూడు రోజులే ఉంటుంది. గొర్రు కట్టేవాడు ఆ రెండు రోజులూ ఊరికి పోడు, పెళ్లికి పోడు. ఆ అదును పోతే ఎంత ఎరువు తోలినా లాభం లేదు. ఏప్రిల్ ఆఖరు వారంలో బడులకు సెలవులిస్తే జూన్ 12 దాకా నలభై ఐదు రోజుల పైచిలుకు. శుక్రవారాలు మనకు సెలవు కాబట్టి అవి తీసేస్తే సుమారు నలభై పని దినాలు. రోజుకొక గంట. మీ వేసవి శిబిరం మొత్తం నలభై గంటలు. దాన్ని ఆ నలభై గంటల్లోనే నడపండి, మిగతా గంటల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

ఎండాకాలం చదువు మీద పరిశోధనలు చాలా వచ్చాయి. వాటిలో అమెరికాలో బార్బరా హేన్స్ అనే సామాజికవేత్త అట్లాంటా నగరపు బడి పిల్లలను గమనించి 1978లో వేసిన పుస్తకం పాతదే అయినా నాకు నచ్చుతుంది. సెలవుల్లో ఎన్ని పుస్తకాలు చదివారన్నదానికీ, బడి తెరిచేసరికి పిల్లల నేర్పు ఎంత పెరిగిందన్నదానికీ సంబంధం ఉందని ఆమె తేల్చింది. ఇల్లు గ్రంథాలయానికి ఎంత దగ్గర అన్నది కూడా లెక్కలోకి వచ్చింది. అట్లాంటా పిల్లలకు అడ్డం దూరమే. మన పిల్లలకు ఆ దూరం మీద ఎండ కూడా.

ఇక డబ్బు. ఇది మనలో చాలామంది సిగ్గుపడి వదిలేసే విషయం. మనకు రావలసింది దానం కాదు, పన్ను. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టం నాటికి కర్నూలు, కడప మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆ తర్వాత 1960లో మన రాష్ట్రానికే చట్టం వచ్చింది. దాని ప్రకారం మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇప్పుడది రూపాయికి 8 పైసలు. ఒక ఊళ్లో 1,500 ఇళ్లు, ఇంటికి సగటున 500 పన్ను అనుకోండి. మొత్తం ఏడున్నర లక్షలు, అందులో మన సెస్సు 60,000. ఆ డబ్బు నేరుగా మన శాఖకు రాదు, జిల్లా సంస్థకు పోయి అక్కడ నుంచి అందరికీ పంచుతారు. కానీ ఊరి నుంచే కదలకపోతే జిల్లా మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది?

వసూలైన సెస్సు స్థానిక సంస్థల ఖాతాల్లోనే ఆగిపోవడం మనకందరికీ తెలిసిన రోగం. దానికి ధర్నా మందు కాదు, అది మన స్థాయి పని కూడా కాదు. నేను చేసింది ఇది. జనవరి నుంచి మార్చి దాకా పన్నులు జోరుగా వసూలవుతాయి, మార్చి 31తో ఏడాది ముగుస్తుంది గనుక. ఆ మూడు నెలల్లో నెలకోసారి పంచాయతీ ఆఫీసుకు పోయి డీసీబీ రిజిస్టరు చూడనివ్వమని అడిగేవాణ్ని. డిమాండు ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత. సెస్సు కాలమ్ అంకె మాత్రం నా నోటుబుక్కులో రాసుకుని, కార్యదర్శి చేతనే సరిచూపించుకుని, ఒక కాపీ జిల్లాకు పంపేవాణ్ని. అరవను, అలగను. మూడో నెలకు "సార్ మళ్లీ వచ్చినాడు" అనే మాట వినబడేది. రెండేళ్లు ఏమీ కదల్లేదు. మూడో ఏడు కొంత కదిలింది. కొంతే.

ఈ సెస్సు ఇంకో పనికి కూడా వచ్చింది, నేననుకోనిది. ఒక పొద్దున ఒకామె పాపను తీసుకొచ్చి గడప బయటే నిలబడింది.

"సార్, మా పాప ఈడ చదువుకోవాలంటే దుడ్లేమన్నా కట్టాల్నా?"

"నువ్వు కట్టేసినావు గదమ్మా."

"నేనెప్పుడు కట్టినా?"

ఇంటి పన్ను రశీదు ఉంటే తెమ్మన్నాను. మర్నాడు చీర కొంగున మడిచి తెచ్చింది. ఇంటి పన్ను, నీటి పన్ను, లైటింగు, వాటి కింద గ్రంథాలయ సెస్సు. ఆ గడి మీద వేలు పెట్టి చూపించాను. చదవడం రాదు, అయినా ఆ అంకె మీద కాసేపు చూపు నిలిపింది.

"ఇది మా ఇంటిదేనా?"

"మీదే."

"అట్లయితే పాప కిందెందుకు కూర్చోవాల? కుర్చీలో కూర్చోవచ్చు గదా?"

అప్పటిదాకా పిల్లలను చాప మీద, పెద్దలను కుర్చీల్లో కూర్చోబెట్టేవాణ్ని. అది నాకు తప్పనిపించనే లేదు. ఆ రోజు నుంచి తొమ్మిదిన్నరకు పేపర్లన్నీ వరండాకు, కుర్చీలన్నీ పిల్లలకు. ఇద్దరు రిటైరైన పెద్దమనుషులు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు వరండాలో గాలి బాగుందన్నారు.

డబ్బు లేనప్పుడు ఏ కార్యక్రమం పెట్టాలి అని నన్ను చాలామంది అడుగుతారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే: చిరిగిన పుస్తకాలు బాగుచేయించండి. ప్రతి శాఖలోనూ అట్టలు ఊడి, కుట్లు తెగి, కట్టలు కట్టి మూలన పడేసిన పుస్తకాలు వందో రెండు వందలో ఉంటాయి. వాటిలో పిల్లల పుస్తకాలే ఎక్కువ, ఎక్కువ తిరిగినవి అవే గనుక. మనం కొత్తవి కొనలేం అని ఏడుస్తూ ఉన్నవాటిని మూలన పెట్టుకుంటాం.

కావలసినవి: మైదా, నూలు దారం, దబ్బనం, మైనం ముక్క, కాలికో గుడ్డ రెండు మీటర్లు, పలచటి తెల్ల కాగితం, అట్టముక్కలు. మైదాను చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి సన్న సెగ మీద తిప్పుతూ కాస్తే అద్దంలా మెరిసే జిగురొస్తుంది. బైండింగువాళ్లు అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు, పురుగు పట్టకుండా. తుత్తం విషం. పిల్లలు వాడే జిగురులో అది వేయకండి, అట్టలకు మీరు పూసేదాంట్లో మాత్రం వేసుకోండి. ఆ గిన్నె మీ బల్ల మీద నుంచి కదలకూడదు. సెల్లోటేపు జోలికి పోవద్దు. మన ఎండకు ఏడాది తిరక్కముందే అది పసుపుబారి పెళుసై ఊడిపోతుంది, దాని జిడ్డు మాత్రం కాగితంలో ఉండిపోతుంది. చిరుగు మీద జిగురు, దాని మీద పలచటి కాగితం, అంతే. కుట్టేముందు దారాన్ని మైనం మీద రెండుసార్లు లాగండి. కుట్టి అతికించిన పుస్తకాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి పైన ఒక కడప బండ ముక్క ఉంచండి. బైండింగు షాపులో ఇనుప ప్రెస్సు చేసే పని రాత్రికి రాత్రి ఆ బండ చేస్తుంది. మన సీమలో బండకు కరువు లేదు.

ఇందులో అసలు చదువు ఎక్కడుందో నాకు మొదట తెలియలేదు. ఒక కథల పుస్తకం కుట్టు తెగి పేజీలన్నీ కలిసిపోయాయి. మూలలు చిరిగి చాలా పేజీలకు నంబర్లు లేవు. ఏడో తరగతి పాప ఒకతె వాటిని బల్ల నిండా పరిచింది. ఒక పేజీ కింద వాక్యం సగంలో ఆగింది, రాజు గుర్రం దిగి అని. ఆ తర్వాతి ముక్క ఏ పేజీ మీద ఉందో చూడాలి. ఆమె ఒక్కో పేజీ మొదటి వరస పైకి చదువుతూ, ఇది కాదు, ఇది కాదు అంటూ పక్కకు నెడుతోంది. పక్కన ఇంకిద్దరు చేరారు. "రాజు గుర్రం దిగి పాము పుట్టలో చెయ్యి పెట్టినాడంట" అని ఒకడు తప్పు పేజీ కలిపి చదివితే అందరూ నవ్వారు. నలభై నిమిషాల్లో ఆ ముగ్గురూ ఆ పుస్తకం మూడుసార్లు చదివి ఉంటారు, చదువుతున్నామని ఎవరూ అనుకోలేదు. మన "పఠన పోటీ"ల్లో అంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు. ఆ వేసవిలో అరవై పైచిలుకు పుస్తకాలు మళ్లీ అలమారా ఎక్కాయి. ఖర్చు ఏడు వందల లోపే.

పుస్తకం పోతుందన్న భయం గురించి ఒక మాట. స్టాకు తనిఖీలో తేడా వస్తే మన మెడకు చుట్టుకుంటుందని బీరువాలకు తాళాలేస్తాం. నేనూ వేశాను. తాళం వేసిన బీరువాను రెండేళ్ల తర్వాత తీస్తే కింది అరలో చెదలు నాకన్నా ముందే చదివేశాయి. ఆ నష్టానికి ఎవరూ నన్నేమీ అడగలేదు, అదే విచిత్రం. పిల్లాడు తీసుకుపోయిన పుస్తకానికి సంజాయిషీ, చెదలు తిన్న పుస్తకానికి రిజిస్టరులో ఒక గీత. అందుకని వేసవికని వంద పుస్తకాలు విడిగా తీయండి, నలుగుతాయి, ఒకటో రెండో పోతాయి అని ముందే మనసులో ఒప్పుకోండి, పైవారికి కాగితం మీద కూడా ముందే చెప్పి ఉంచండి. ధరావతు కట్టలేని పిల్లలకు అక్కడే కూర్చుని చదువుకునేందుకు ఆ వంద చాలు.

కర్నూలు పడమటి మండలాల్లో పనిచేసేవాళ్లకు ఇంకో లెక్క తప్పనిసరి. కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు నుంచి కుటుంబాలు పంటలయ్యాక సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి తీతకు. పిల్లలూ వెంట పోతారు. ఉగాది అటూఇటుగా తిరిగొస్తారు. అంటే మిగతా పిల్లలకు సెలవులు మొదలయ్యే వేళకు వీళ్లకు ఊరే మళ్లీ మొదలవుతుంది. నెలల తరబడి బడి పోయింది. ఐదో తరగతివాడు రెండో తరగతి పుస్తకం తడుముకుంటూ చదువుతాడు, అందరి ముందూ చదవమంటే మర్నాడు రాడు. వాడి చేతికి చిన్న బొమ్మల పుస్తకం ఇచ్చి "నువ్వు చదువుకో" అనకండి. ఒకటో తరగతి పిల్లలిద్దరిని వాడి ముందు కూర్చోబెట్టి "వీళ్లకు చదివి వినిపించు నాయనా" అనండి. అప్పుడు ఆ పుస్తకం వాడి స్థాయిది కాదు, ఆ చిన్నపిల్లలది. వాడు పెద్దన్న. ముందురోజు సాయంత్రం ఐదున్నరకు వచ్చి రహస్యంగా ఆ పుస్తకమే రెండుసార్లు చదువుకుని పోయిన పిల్లాణ్ని చూశాను.

కథలకు డబ్బు అసలే అక్కర్లేదు. కర్నూలులో ఉంటూ రాయలసీమ జానపద కథలను పిల్లల కోసం రాసిన ఎం. హరికిషన్ పుస్తకాలు మీ శాఖలో ఉంటే ఒకటి చదివి వినిపించి, "ఇట్లాంటిది మీ అవ్వ చెప్పిందా?" అని అడగండి. చెప్పింది. చెప్పకపోతే ఈ రాత్రి చెబుతుంది. పాత సర్క్యులర్ల వెనకవైపు రాయించి, కుట్టి, కాలికో వేయించండి. మా శాఖలో అట్లాంటి సంపుటం ఒకటి ఉండేది. కొన్నది కాదు, ఎవరూ ఇచ్చిందీ కాదు గనుక యాక్సెషన్ నంబరు వేయలేదు, అలమారాలో మాత్రం పెట్టాను. తనిఖీకి వచ్చినాయన అది చూసి ఏమీ అనకుండా చదువుతూ కూర్చున్నాడు.

చేయి చాపాల్సి వస్తే డబ్బు అడక్కండి, వస్తువు అడగండి, అదీ వాళ్లు ఎట్లాగూ చేసేదాన్నే. ఎండాకాలంలో మన ఊళ్లలో చలివేంద్రం పెట్టని సంఘం లేదు. బస్టాండు దగ్గర నాలుగు పెడతారు. ఒకటి గ్రంథాలయం గేటు ముందు పెట్టమని అడగండి. మీకు పైసా ఖర్చు లేదు, కుండ నీళ్ల కోసం ఆగినవాడు పేపరు కోసం లోపలికొస్తాడు, పిల్లలకు నీళ్ల బాధ తీరుతుంది. కొత్త పుస్తకాలకు దారి కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠాన్, 1972లో పుట్టింది. దాని పథకాలు జిల్లా సంస్థ ద్వారానే వస్తాయి కాబట్టి మీ ఊరి పిల్లలు ఏ పుస్తకాలు అడుగుతున్నారో జాబితా ఏడాది ముందే రాసి పంపండి. జాబితా పంపని శాఖకు వచ్చే పుస్తకాలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

సొంత జీతం తీసి పెట్టాలా అని కుర్రవాళ్లు అడుగుతారు. ఈ సీమలో దానికి పెద్ద ఉదాహరణే ఉంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాలు సేకరించి ప్రతులు రాయించాడు. జీతం చాలక అప్పులు చేశాడు. ఆయన స్థలంలో ఎర్రముక్కపల్లిలో ఇప్పుడున్న భాషా పరిశోధన కేంద్రం వెనక జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఇంటింటికీ తిరిగిన శ్రమ ఉంది. ఇద్దరికీ దండం. అయినా మీకు నేను చెప్పేది వద్దనే. టీ, జిగురు, దారం దాకా సరే. అంతకు మించి మీ జేబులోంచి పెడితే, మీరు బదిలీ అయ్యాక వచ్చేవాడికి ఆ ఖర్చు ఏ కాగితం మీదా కనబడదు. ఆ శిబిరం మీతోనే బదిలీ అయిపోతుంది. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమానికి అన్నేళ్లు అధ్యక్షుడిగా తిరిగింది, ఇది ఒక్కరి ఔదార్యం మీద కాకుండా ఊరి బాధ్యత మీద నిలవాలనే. కృష్ణా కాలువల్లో 1935లో పడవ మీద పుస్తకాలు తిప్పారని గర్వంగా చెప్పుకుంటాం. మనకూ కర్నూలు నుంచి కడప దాకా కేసీ కాలువ ఉంది, ఎండాకాలంలో అందులో నడిచి పోవచ్చు. కాబట్టి నడిచే పోదాం.

క్యాలెండరు సంగతి మధ్యలో వదిలేశాను. మొదటి వారం తలలు నేనే లెక్కపెట్టాను. రెండో వారం నుంచి ఆ పని పిల్లలే తీసుకున్నారు. వచ్చినవాళ్లు ఆనాటి గడిలో పెన్సిలుతో ఒక నిలువు గీత గీయాలి, నాలుగు గీతలైతే ఐదోది అడ్డంగా. పదిన్నరకు ఆఖరున పోయేవాడు కూడి మొత్తం వేయాలి. మే నెల కాగితం ఆ గీతలతో నిండిపోయింది, శుక్రవారం వరస తప్ప. అది ఖాళీ.

జూన్ మొదట్లో ఒక శనివారం పొద్దున తలుపు తీస్తూ గోడ వైపు చూశాను. ముందురోజు శుక్రవారం గడిలో ఏడు గీతలు, ఒకటి అడ్డంగా. కింద చిన్న అక్షరాలతో: తలుపు ఏసుంది.